కరెంటు తీశాను, బరువు తీయలేదు

ఆ రాత్రి నేను ఫ్యూజులు పీకాను. ఈ మాట మొదటే చెప్పడానికి కారణం ఉంది. చాలా ఏళ్లపాటు నన్ను నేను సమర్థించుకున్నది ఆ ఒక్క వాక్యంతోనే. ఎవరు అడిగినా, ఎవరూ అడగకుండా నా మనసే అడిగినా, ‘ఫ్యూజులు పీకాను కదా’ అనేవాణ్ణి. అది నిజమే. ఆ నిజం వెనక దాక్కుని నేను చేసిన తప్పును ఇప్పుడు రాస్తున్నాను.

2009 డిసెంబరు. మిర్యాలగూడ వైపు ఒక రైస్ మిల్లు. సాగర్ ఎడమ కాలువ కింద వానాకాలం పంట కోతలైపోయి, వడ్ల లారీలు గేటు బయట బారులు తీరి ఉండే రోజులు. నాకు 23 ఏళ్లు. మెకానికల్ ఇంజినీరింగులో ఫస్ట్ క్లాసు. ఆ మిల్లులో మెయింటెనెన్స్ ఇంజినీరుగా చేరి నాలుగు నెలలైంది. నా కింద ఇద్దరు ఫిట్టర్లు, ఒక ఎలక్ట్రీషియన్, నలుగురైదుగురు హెల్పర్లు. పెద్ద ఫిట్టరు ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి. ఆ మిల్లు పునాది తీసిన నాటి నుంచీ అక్కడే ఉన్నాడు. నన్ను ‘సారు’ అనేవాడు. నేను ఆయన్ని ‘మేస్త్రీ’ అనేవాణ్ణి.

ఆ నాలుగు నెలల్లో నేను పానా పట్టింది లేదు. పట్టడం నా పని కాదనుకున్నాను. మరమ్మతు అంటే ఏ భాగం పాడైందో కాగితం మీద గుర్తించి, ఫలానాది మార్చమని చెప్పడం అనుకున్నాను. పక్కనే నిలబడి చూసేవాణ్ణే గాని ఏది ఎందుకు చేస్తున్నారో అడిగేవాణ్ణి కాదు. అడిగితే తెలియదని తేలిపోతుంది. ఏడో తరగతి చదివిన మనిషి దగ్గర తెలియదని తేలడం నాకు ఇష్టం లేకపోయింది. మిగతా తప్పులన్నిటికీ వేరు ఇక్కడే ఉంది.

రైస్ మిల్లులో ఎలివేటర్ అంటే మనుషులెక్కేది కాదు. ఇంటి కప్పు దాటి పోయే ఇనుప గొట్టం, అందులో పైకీ కిందికీ తిరిగే ఒక బెల్టు, బెల్టుకు వరసగా బిగించిన కప్పులు. కింద బూటు అనే తొట్టిలో పడిన వడ్లను ఆ కప్పులు ముంచుకుని పైకి తీసుకెళ్లి జల్లెడ మీద పోస్తాయి. అక్కడి నుంచి ఊక తీసే రబ్బరు రోళ్లకు, ఆ తర్వాత పాలిష్‌కు. ప్రతి దశకూ ఒక ఎలివేటర్ ఉంటుంది. పైకి వెళ్లే వైపు కప్పులు నిండుగా, కిందికి వచ్చే వైపు ఖాళీగా ఉంటాయి. తూకం ఎప్పుడూ ఒకవైపే. మోటారు తిరుగుతున్నంత సేపూ ఆ బరువును అది లాగుతుంది. మోటారు ఆగితే బరువు కిందికి రావాలని చూస్తుంది. అలా రాకుండా పైన హెడ్ షాఫ్టుకు ఒక రాట్చెట్ ఉంటుంది. పళ్ల చక్రం, దాని మీద ఆని ఉండే ఒక నాలుక. ముందుకు తిరగనిస్తుంది, వెనక్కి తిరగనివ్వదు.

ఇదంతా ఇప్పుడు చెబుతున్నాను. అప్పుడు నాకు తెలియదు. ప్రమాదానికి పదిహేను రోజుల ముందు పెద్ద ఫిట్టరు నా బల్ల దగ్గరికొచ్చి, “సారు, వడ్ల ఎలివేటర్‌కు పైన రాట్చెట్ పండ్లు అరిగినయ్. బంద్ జేసినప్పుడు బెల్టు జర ఎనక్కి వస్తుంది. మార్పియ్యాలె” అన్నాడు. రాట్చెట్ ఎందుకుందో నాకు అర్థం కాలేదు. అడగలేదు. “సీజన్ అయ్యాక చూద్దాం” అన్నాను. ఆయన ఇంకా ఏదో చెప్పబోయి, నా ముఖం చూసి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి రెండో షిఫ్టులో వడ్లు ఎక్కువగా వదలడంతో బూటు చోక్ అయింది. మోటారు ఓవర్‌లోడ్ మీద ట్రిప్ అయింది. పెద్ద ఫిట్టరు అన్నం తినడానికి వెళ్లాడు. బయట లారీలు హారన్లు కొడుతున్నాయి. ఆయన వచ్చేదాకా ఆగాల్సింది. ఆగలేదు. ప్యానెల్ దగ్గరికెళ్లి మూడు ఫ్యూజులూ పీకి ప్యానెల్ పైన పెట్టాను. బూటు అడుగున ఉన్న రేకు తలుపు తీయించాను. హెల్పర్లలో చిన్నవాడు బీహారు నుంచి ఆ ఏడే వచ్చిన కుర్రాడు. వడ్లు గట్టిగా దిగ్గొట్టుకుని ఉన్నాయి. చెయ్యి పెట్టి లాగితే తప్ప రావు. అతను లోపలికి చూసి, “హాథ్ డాలూ సాబ్?” అన్నాడు.

“డాలో, కరెంట్ బంద్ హై” అన్నాను.

అడిగాడు. అతను అడిగాడన్నది నేను మరిచిపోకూడని సంగతి.

దోసిళ్లతో వడ్లు లాగుతున్నాడు. నేను టార్చి పట్టుకున్నాను. ఇరుక్కున్న వడ్లే అప్పటిదాకా బెల్టును పట్టి ఉంచాయి. వాటిని అతను తీసేసిన క్షణాన బెల్టు వదులైంది. పైన 12 మీటర్ల ఎత్తు. మీటరుకు 5 కప్పులు. ఒక్కో కప్పులో కిలోన్నర వడ్లు. అంటే నిండిన వైపు దాదాపు 90 కిలోలు. రాట్చెట్ నాలుక అరిగిన పళ్ల మీద జారింది. బెల్టు వెనక్కి పరిగెత్తింది. కరెంటు లేదు. మోటారు లేదు. ఇనుప కప్పు అంచుకూ బూటు గోడకూ మధ్య అతని కుడిచెయ్యి నలిగింది.

ద్రవ్యరాశి, గురుత్వం, ఎత్తు. ఈ మూడింటి లబ్ధాన్ని ఇంటర్‌లోనూ ఇంజినీరింగులోనూ ఎన్ని పరీక్షల్లో రాశానో లెక్క లేదు. ఎత్తు మీద ఉన్న బరువులో శక్తి దాగి ఉంటుందని చక్కటి బొమ్మతో సహా వివరించి మార్కులు తెచ్చుకున్నాను. ఆ బొమ్మ నా తల మీదే 12 మీటర్ల ఎత్తున నిలబడి ఉంటే గుర్తుపట్టలేదు.

పెద్ద ఫిట్టరు పరుగెత్తుకొచ్చాడు. చెయ్యి ఎలా బయటికి తీయాలో ఆయనకు తెలుసు. తలుపు వైపు లాగలేదు. పైకెక్కి, హెడ్ పుల్లీని మనుషుల చేత ముందుకు తిప్పించి, కర్ర అడ్డం పెట్టి, అప్పుడు చెయ్యి తీయించాడు. కుర్రాణ్ణి ఆటోలో ఎక్కించి పంపాక నా వైపు తిరిగాడు. కోప్పడతాడనుకున్నాను.

“సారు, కరెంటు తీసిన్రు. బరువు తీసిన్రా?” అన్నాడు. అంతే.

కుర్రాడికి చూపుడువేలు రెండు కణుపులు, నడివేలు ఒక కణుపు పోయాయి. తర్వాత నేను 1923 నాటి పరిహార చట్టం షెడ్యూలు చదివాను. చూపుడువేలు రెండు కణుపులు పోతే సంపాదన శక్తిలో 11 శాతం నష్టం, నడివేలు ఒక కణుపు పోతే 7 శాతం అని అందులో ఉండేది. బస్తా కుట్టేవాడికి, పార పట్టేవాడికి, కుడిచేత్తో అన్నం కలుపుకునేవాడికి ఆ శాతాలు ఎలా సరిపోతాయో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇక అసలు చెప్పుకోవలసింది. ప్రమాదం నివేదిక రాయాల్సింది నేను. మర్నాడు ఆఫీసులో ఒక ముసాయిదా సిద్ధంగా ఉంది. ‘చెయ్యి పెట్టవద్దని చెప్పినా వినకుండా కార్మికుడు లోపల చెయ్యి పెట్టాడు’ అని అందులో ఉంది. స్పష్టంగా ఇచ్చిన ఆదేశాన్ని కార్మికుడు కావాలని మీరి గాయపడితే, చనిపోతేనో శాశ్వతంగా ఏ పనీ చేయలేకపోతేనో తప్ప, యజమాని పరిహారం ఇవ్వనక్కర్లేదని ఆ చట్టంలోనే ఉండేది. ఆ వాక్యం ఎందుకు రాశారో నాకు అర్థమైంది. అయినా సంతకం పెట్టాను. ఉద్యోగం పోతుందని భయం. అంతకంటే ఎక్కువగా, తప్పు నాది కాదని ఒక కాగితం చెబుతుంటే దాన్ని నమ్మాలనిపించింది. ఫ్యూజులు పీకాను కదా.

ఆ కాగితం ఇంగ్లిషులో ఉంది. వేళ్లు పోగొట్టుకున్నవాడికి ఆ భాష చదవడం రాదు.

రెండు వారాలు నిద్ర సరిగా పట్టలేదు. పెద్ద ఫిట్టరు నాతో పని మాటలు తప్ప మాట్లాడటం మానేశాడు. ఈలోగా రాట్చెట్ కొత్తది తెచ్చి ఆయనే బిగించాడు. ఒక పూట పని. నేను కింద నిలబడి చూశాను. ఆయన దిగి వచ్చాక, “కాకా, నాకు మొదట్నుంచీ నేర్పిస్తవా?” అని అడిగాను. ఆయన చేతులు తుడుచుకుంటూ చాలాసేపు నా వైపు చూశాడు. “నేర్సుకుంటవా బిడ్డా? అయితే ముందు ఆ కాయితం సంగతి చూస్కో” అన్నాడు. నేను ఏం సంతకం పెట్టానో ఆయనకు తెలుసు. ఆ రోజుతో ‘సారు’ పోయింది.

ఆ రాత్రే ఇంకో కాగితం రాశాను. చెయ్యి పెట్టమన్నది నేనేనని, రాట్చెట్ అరిగిందని ముందే నాకు చెప్పారని, మార్చకుండా వాయిదా వేసింది నేనేనని. మర్నాడు ఇచ్చాను. మాటలు పడ్డాను. ఉద్యోగం మాత్రం పోలేదు. కొన్ని నెలలు తిరిగాక అతనికి పరిహారం డబ్బు అందింది. మొదటి నివేదికే నిలబడి ఉంటే అందేది కాదు. ఆ రెండు వారాలను నేను ఎవరికీ తిరిగి ఇవ్వలేను.

కాకా దగ్గర నేర్చుకున్నది ఎక్కణ్ణుంచి మొదలైందంటే, ఆపడం నుంచి. మిషను ఎలా తిరుగుతుందో ఆయన ముందు చెప్పలేదు. ఎలా పూర్తిగా ఆగుతుందో చెప్పాడు. పీకిన ఫ్యూజులు ప్యానెల్ పైన పెట్టకూడదు, జేబులో వేసుకోవాలి. “ఆడ పెడితే ఎవడన్న మంచోడే వచ్చి పెడ్తడు” అన్నాడు. ఆ మాట నాకు ఎప్పటికీ గుర్తుంటుంది. చెడు చేసేవాడు అక్కర్లేదు, పని ఆగిపోయిందని సాయపడదామనుకునేవాడు చాలు. తర్వాత ఐసొలేటర్ పిడికి తాళం పెట్టించాం. లోపల ఎంతమంది పనిచేస్తే అన్ని తాళాలు, ఎవడి చెవి వాడి దగ్గరే. తాళం వేశాక స్టార్ట్ బటన్ నొక్కి చూడాలి, నిజంగానే రాదా అని. అప్పుడు పైకెక్కి హెడ్ షాఫ్టుకు గొలుసు కట్టాలి. గాలి పైపు ఉంటే అందులో గాలి వదిలేయాలి. ఎత్తి ఉంచినదాని కింద దిమ్మ పెట్టాలి. కరెంటు ఉందో లేదో చూడటానికి ఆయన టెస్టర్ లైటును నమ్మేవాడు కాదు. రెండు బల్బులు వరసగా కలిపిన టెస్ట్ ల్యాంపు వాడేవాడు. ఫేజుకూ ఫేజుకూ మధ్య 415 వోల్టులకు ఒక్క బల్బు ఆగదు.

చేతిపని ఆకురాయితో మొదలుపెట్టించాడు. ఒక ఇనుప ముక్క వైస్‌లో బిగించి, నాలుగు పక్కలా చదరంగా తీసుకురమ్మన్నాడు. పన్నెండు రోజులు పట్టింది. మూలమట్టం పెట్టి వెలుతురుకు ఎత్తి చూస్తే సందులోంచి వెలుగు కనబడుతూనే ఉండేది. పిడి లేని ఆకురాయి ముట్టనిచ్చేవాడు కాదు. దాని మొన అరచేతిలో దిగుతుంది. డ్రిల్లింగ్ మిషను దగ్గరికి గ్లవుజులు వేసుకుని వెళ్లాను ఒకరోజు. జాగ్రత్త అనుకునే వేసుకున్నాను. ఆయన మిషను ఆపేసి గ్లవుజు విప్పించాడు. తిరిగే బిట్టుకు గుడ్డ కొస తగిలితే చెయ్యంతా చుట్టుకుపోతుంది. ఉంగరం కూడా తీయించాడు.

గ్రైండింగు రాయి మార్చేటప్పుడు ఆయన చేసే పని చూడాలి. కొత్త రాయిని వేలి మీద వేలాడదీసి, కొయ్యపిడితో మెల్లగా తట్టి వింటాడు. సంతలో మా అమ్మ కుండ కొనేటప్పుడు మెటికతో కొట్టి వినేది. సరిగ్గా అలాగే. ఖంగుమంటే మంచిది, బొదబొదమంటే బీట ఉన్నట్టు. బీట ఉన్న రాయి వేగం అందుకున్నాక పగిలి ముక్కలు తూటాల్లా వస్తాయి. రాయికీ పని ఆనించే పలకకూ మధ్య సందు 3 మిల్లీమీటర్లు దాటనిచ్చేవాడు కాదు. దాటితే ముక్క ఆ సందులోకి లాగేసుకుంటుంది, వెంట వేలు కూడా వెళుతుంది.

బేరింగుకు గ్రీజు ఎక్కువ పెడితే మంచిదనుకుని నిండా కూరి, అది వేడెక్కేలా చేసింది కూడా నేనే. సగానికి మించి ఖాళీ నింపకూడదని అప్పుడు తెలిసింది. ఇలాంటివి ఇంకా ఉన్నాయి. అవి ఎవరినీ నొప్పించలేదు కాబట్టి వదిలేస్తున్నాను.

కాకా ఇప్పుడు లేడు. ఆ కుర్రాడు ఊరికి తిరిగి వెళ్లాక ఏమయ్యాడో తెలుసుకోవడానికి ప్రయత్నించాను, దొరకలేదు. వెళ్లే ముందు ఒకసారి నా దగ్గరికి వచ్చి ఎడమచేత్తో నమస్కారం చేశాడు. నేను అతన్ని క్షమించమని అడగాలనుకుని, నోరు పెగలక, దారి ఖర్చులకు డబ్బు ఇచ్చాను. ఆ మాట అడిగి ఉండాల్సింది.

ఈ ఏడు కాలేజీ నుంచి బయటికొచ్చి మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో చేరబోయే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీకు ఒకటే మనవి. చేరిన మొదటి రోజే అక్కడి పాత ఫిట్టరు దగ్గరికెళ్లి, ఈ మిషను ఎలా ఆపాలో చూపించమని అడగండి. కరెంటు తీశాక ఇంకా ఏవేవి కదలగలవో ఆయన చేత వేలు పెట్టి చూపించుకోండి. ఏదైనా అరిగిందని ఆయన చెబితే, అది ఏం పని చేస్తుందో ఆ నిమిషమే అడగండి.