జలకర వృద్ధి ప్రకరణము

ధర పెంచెదమనగానే చప్పట్లు చరచి ప్రోత్సహించు జనసమూహము ఈ భూమండలముపై ఎచ్చటనైన గలదని అర్థశాస్త్రవేత్తలెవ్వరును వ్రాసియుండలేదు. పాపము, వారిలో నెవరును ధర్సీవా వైపు వచ్చియుండరు. రాయపూరునుండి బిలాస్‌పూరునకు పోవు రాచబాటపై సిల్తరా పారిశ్రామికవాడను దాటి, ఇనుప కర్మాగారముల మసి మన చొక్కా కాలరుపై చేవ్రాలు చేసిన తరువాత, ఇరుప్రక్కల వరిపొలములు కనబడుచున్న తావున ఆ పేరుగల వికాసఖండమునకు ముఖ్యస్థానమున్నది. దాని చుట్టునున్న పల్లెలలో నొకదానియందు, పొట్టకూటికై గోదావరి గట్టు విడిచివచ్చిన నేను, ఒక కర్మాగారపు లెక్కలగదిలో కాలము గడపుచు, అద్దె తక్కువయను ఏకైక సద్గుణమును చూచి కాపురము పెట్టియున్నాను. తెలుగువాడైన ప్రతివాడును ఇచ్చటివారికి ‘రావు సాబే’. ఇంటిపేరు, శాఖ, ప్రవర వారికి అక్కరలేదు.

2019 ఆగస్టు 15వ తేదీన జల జీవన్ మిషను ప్రకటింపబడిననాడు దేశమున కుళాయిగల పల్లెయిండ్లు 3.23 కోట్లు, అనగా నూటికి సుమారు పదునేడు మాత్రమే. మా పల్లెయిండ్లు తక్కిన ఎనుబదిమూటి లోనివి. అంతవరకు త్రాగుటకు ‘బోరింగ్’ అని వీరు పిలుచు చేతిపంపును, తక్కిన సమస్త వ్యవహారములకు తరియాయను ఊరిచెరువును ఉండెడివి. ఈ ఛత్తీస్‌గఢ్ సీమ పాతయూళ్ళలో పలువాటికి ‘ఛై ఆగర్ ఛై కోరీ’, అనగా ఆరు ఇరువదులు, వానిపై ఆరు, వెరసి నూట యిరువదియారు చెరువులుండెనని చెప్పుకొనుట పరువు. ఏ ఊరివారు చెప్పినను సంఖ్య మాత్రము మారదు, జనశ్రుతికి ఆడిటు లేదు గదా. పిమ్మట గొట్టములు వచ్చినవి, టాంకీ లేచినది, గుమ్మము గుమ్మము ముందును ఒక సిమెంటు దిమ్మయు దానికొక కుళాయియు వెలసినవి. తలకు దినమునకు 55 లీటర్లు. అంతట ప్రభుత్వము, పిల్లకు పెండ్లిచేసి పంపిన తండ్రివలె, ఇక కాపురము మీదేయని చేతులు దులుపుకొన్నది: పదిమందికి తగ్గక పదునైదుగురికి మించక పానీ సమితి యుండవలెను, అందు సగము స్త్రీలు కావలెను, ఊరిలోపలి నిర్మాణవ్యయమున పదవవంతు, కొండ, అటవీ, గిరిజన గ్రామములందైన ఇరువదవవంతు, గ్రామమే భరింపవలెను, ఆపైని నడపుటకును మరమ్మతులకును గ్రామమే జలకరము వసూలు చేసికొనవలెను.

ఈ సమితికి లెక్కలు వ్రాసిపెట్టు భాగ్యము నాకు లభించుటకు కారణములు మూడు చెప్పిరి. ఊరిలో ఎవరితోడను చుట్టరికము లేనందున పక్షపాతముండదట. ఓటు లేనందున నాకు శత్రువులు పెరిగినను ఎవరి ఎన్నికయు చెడదట. ఎవరేని తిట్టినను ఛత్తీస్‌గఢీలో తిట్టుదురు గనుక సగమే నాకు బోధపడునట. మూడవదే ముఖ్యమని తరువాత తెలిసినది.

పుస్తకము తెరచి చూడగా దృశ్యమిది. ఇండ్లు మూడువందల పైచిలుకు; ఇంటికి నెలకు ఏబది రూపాయలు; రావలసినది పదునైదు వేలు; వచ్చుచున్నది రెండు వేలు. అయిదు అశ్వశక్తుల మోటారు దినమునకు ఆరేడు గంటలు తిరిగిన, నెలకు ఏడువందల యూనిట్లకు తక్కువ కాదు. ఆపైని ఆపరేటరునకు భృతి, వాల్వులు, స్టార్టరు, క్లోరిను, మెరుపు మెరిసినప్పుడెల్ల కాలిపోవుట యభ్యాసముగా గల మోటారునకు రీవైండింగు. ఈ వ్యత్యాసమంతయు పదునైదవ ఆర్థికసంఘము వారు పంచాయతీలకిచ్చిన గ్రాంటులో నీటికని ముడివేసిన భాగమునుండి ఏదో యొక ప్రకారముగా పూడ్చబడుచుండెను. ఆ ప్రకారమేదో పంచాయతీ సచివునకు తెలియును. నేనడుగలేదు.

అయిదుగురున్న యింటికి నెలకు రావలసిన నీరు 8,250 లీటర్లు. ఏబది రూపాయలను దానిచే భాగించిన లీటరు ఒక పైసకు కూడ రాదు. అదే నీటిని బస్టాండులో ఇరువది రూపాయలకమ్ము లీటరు సీసాల లెక్కన కొనినయెడల లక్షా అరువదియైదు వేల రూపాయలగును. ఈ లెక్కను పెద్ద అక్షరములతో అట్టపై వ్రాసి పంచాయతీ భవనపు గోడకు తగిలించితిని. జనులు దానిని శ్రద్ధగా చదివి, సీసా కంపెనీలవారు ఎంత అన్యాయము చేయుచున్నారో యని నొచ్చుకొనిరి. అంతకుమించి దానివలన కలిగిన ప్రయోజనము లేదు. ఇది ఛత్తీస్‌గఢ్ వారి దోషమని యెవరును తలపరాదు. గోదావరి గట్టున పుట్టి పెరిగిన మా బంధువులు, పంచాయతీ కుళాయి పన్నన్నచో మూడేండ్లు బకాయి పెట్టి, ఇరువది లీటర్ల క్యానును మాత్రము మోపెడుపై మోసికొనివచ్చినవానికి గుమ్మములోనే రొక్కము చెల్లించుచున్నారు.

రుసుము చెల్లించు నలుబది యిండ్లవారును ఎవరని పరిశీలింపగా ఒక భౌగోళికసూత్రము బయటపడినది. టాంకీ దిగువనున్న పేటవారు, వీరి మాటలో పారావారు, నీరెట్లును వచ్చును గనుక చెల్లింపరు. ఊరిచివరి పారావారు, నీరెట్లును రాదు గనుక చెల్లింపరు. నడుమనున్న మేము, చెల్లించిన వచ్చునేమో యను ఆశ గలవారము.

ఇయ్యని యిల్లు పేదయిల్లని భ్రమపడరాదు. మాకు రెండిండ్ల అవతల నున్న పెద్దమనిషి కుళాయికి తల యుండదు. దాని మెడకు నీలిరంగు రబ్బరు గొట్టము తొడిగి, రెండవ కొనను టుల్లూ పంపునకు తగిలించి, తెల్లవారి ఆరుగంటలకు స్విచ్చి వేయును. ఆ పంపు గుర్రుమన్నంతనే వీధిలోని తక్కిన కుళాయిలు నీరు విడుచుట మాని గాలి పీల్చనారంభించును. మా కుళాయి మూతికి అరచేయి పెట్టిన చేతిని లోనికి లాగును. ఆ నీరంతయు ఆయన పెరటి బారీలో వంగమొక్కల మొదళ్ళకు పోయి, మిగిలినది పందిరిపైనున్న సొరపాదును పోషించును. రసీదు పుస్తకముతో నేను వెళ్ళినప్పుడు కుర్చీ వేసి, టీ పోయించి, సావధానముగా నిట్లనెను.

“నీళ్ళు దేవుడిచ్చినవి గదా రావు సాబ్. దేవుడి పేరున రసీదు రాస్తావా?”

“నీళ్ళు దేవుడివే. మోటారు దేవుడిది కాదు గదండీ.”

“మోటారు సర్కారుది. సర్కారు దగ్గర డబ్బులు లేవా?”

ఈ ద్వైతసిద్ధాంతమునకు సమాధానము తోచక లేచితిని. గుమ్మము దాటులోపల ఆయన భార్య వచ్చి నా సంచిలో మూడడుగుల సొరకాయ నొకటి పెట్టినది. అంగడిలో దాని వెల ఏబది రూపాయలకు తక్కువ యుండదు. అట్లు నెలనెలయు పెట్టుచునే యున్నది. ఇయ్యకూడదను బుద్ధి వారికి లేదు. రసీదు వ్రాసి పుచ్చుకొనువానికి ఇయ్యకూడదను బుద్ధి మాత్రమే యున్నది.

ఈ స్థితిలో రుసుమును ఏబదినుండి ఎనుబదికి పెంచవలెనని సచివుడు ప్రతిపాదించినాడు. నాకు గుండె జారినది. వసూలు గానిదానిని పెంచుట వలన లాభమేమని యడిగితిని. పైనుండి కాగితము వచ్చిన, ‘వ్యయమునకు తగిన రుసుము నిర్ణయించితిరా?’ యను ప్రశ్నకు ‘ఔను’ అని వ్రాయవచ్చునని ఆయన సమాధానము. నేను విడువక, కౌటిల్యుని అర్థశాస్త్రమున ఉదకభాగమను పన్ను గలదనియు, చేతితో తోడుకొన్నవాడు అయిదవవంతు, భుజముల మోతతో తెచ్చుకొన్నవాడు నాలుగవవంతు, యంత్రముతో కాలువకెత్తినవాడు మూడవవంతు పంటలో రాజునకియ్యవలెననియు, ఆ లెక్కన టుల్లూ పంపువానికి సొరపాదులో మూడవవంతు పడుననియు చెప్పితిని. సచివుడు చిరునవ్వు నవ్వి, “ఆయనకు సిపాయిలుండేవారు, రావు సాబ్” అనెను.

ఆ రాత్రి మన కడప సీమలోని పోరుమామిళ్ళ చెరువు శాసనము జ్ఞప్తికి వచ్చినది. 1369లో, బుక్కరాయల కుమారుడైన భాస్కర భవదూరుడు త్రవ్వించిన చెరువది. వేయిమంది కూలీలు దినదినమును రెండేండ్లు పనిచేసిరట. చెరువునకు కావలసిన పండ్రెండు సాధనములను ఆ శాసనము వరుసగా నెన్నుచున్నది: ధర్మాత్ముడును కీర్తికాముడునైన ప్రభువు, జలశాస్త్రమెరిగిన బ్రాహ్మణుడు, గట్టినేల, తీయనినీటి యేరు, కొండ, రాతికట్ట, పనివాండ్ర సమూహము మొదలగునవి. పండ్రెండింటిని ఎన్నిమారులు ఎన్నినను రసీదు పుస్తకము పట్టుకొని తిరుగువాడు మాత్రము అందు లేడు. ప్రభువునకు కీర్తికాముకత్వమున్నంతకాలము వానితో పనిలేదు గాబోలు. వెనువెంట ఆరు దోషములు కూడ చెప్పబడినవి. అందొకటి రెండు రాజ్యముల పొలిమేరయందుండుట. మా బోరు సరిగా రెండు పారాల పొలిమేరలో నున్నది.

గాంధీ జయంతినాడు గ్రామసభ. ముందటి సాయంకాలము కోట్‌వారను ఊరికావలివాడు వీధి వీధియు తిరిగి హాంకా, అనగా చాటింపు, వేసినాడు. పంచాయతీ భవనపు వసారాలో తివాచీ పరచిరి. మగవారు తివాచీపైనను, స్త్రీలు గోడ నానుకొని నేలపైనను, పిల్లలు మైకుపైనను కూర్చుండిరి. మా సర్పంచి స్త్రీ. తలపై చీరకొంగు కప్పుకొని నడిమి కుర్చీలో కూర్చుండెను. ఆమె ప్రక్కన, ఏ పంచాయతీ చట్టములోను పేరులేని సర్పంచి పతిగారు కూర్చుండి సభను నడపుచుండిరి. తీర్మానము చదువబడినది. ఎనుబది రూపాయలు అనుమాట విని జనము పైకి లేచునని, నేను చెప్పులు విడిచిన తావును కంటితో గురుతుపెట్టుకొంటిని.

ఎవరును లేవలేదు. టుల్లూ పంపు పెద్దమనిషి అందరికంటె ముందు చేయి యెత్తి, “ఎనభై సరైన రేటే. కరెంటు బిల్లు పెరగలేదా? పంచాయతీ మాత్రం ఎక్కడనుంచి తెస్తుంది?” అని గంభీరముగా బలపరచెను. టాంకీ దిగువ పారా సర్వము చేతులెత్తినది. ఊరిచివరి పారా చప్పట్లు చరచినది. ఈయని సొమ్ము ఎంతయైన నేమి? ఏబది ఈయకుండుటకంటె ఎనుబది ఈయకుండుటలో ఒక ఔదార్యము కూడ కలదు. వ్యతిరేకించినవారము నడిమి వీధిలోని నలుబది యిండ్లవారమే, మమ్ము చూచి సభ్యులందరును, “నెలకు ముప్ఫై రూపాయలకు ఇంత గొడవా? ఊరి బాగు అక్కరలేదా?” అని చీదరించుకొనిరి. స్త్రీల వరుసలోనున్న మా ఇల్లాలు నన్ను చూచిన చూపును ఇచ్చట వర్ణింపను.

అప్పుడు, సభ ప్రారంభమైనదాది నోరు విప్పని సర్పంచమ్మ కొంగు కొంచెము వెనుకకు తీసికొని, “మరి కట్టనివాళ్ళ కనెక్షను తీసేద్దామా?” అని మెల్లగా అడిగినది.

మైకు ఆ మాటను ఊరంతటికి వినిపించినది. అందరికిని ఏకకాలమున భోజనవేళ జ్ఞప్తికి వచ్చినది. ఒకరికి ఎద్దులు విప్పవలసి యుండెను. మరియొకరికి ఖరూన్ నది అవతలినుండి వియ్యంకుడు వచ్చియుండెను. సర్పంచి పతిగారు గడియారము చూచి, ఆ విషయమును వచ్చు సభకు వాయిదా వేసి, పెంపుదల తీర్మానము ఏకగ్రీవమని ప్రకటించిరి. మా నలుబది యిండ్లు ఆ గ్రీవములో ఏ భాగమున ఇమిడినవో నాకు తెలియదు.

“ఏమండీ, లెక్కలు రాసేది మీరే గదా, మన పేరు కట్టనివాళ్ళలో రాసేసుకోకూడదూ?” అని యింటికి పోవుచు మా ఇల్లాలు అడిగినది. పరాయి ఊరిలో పరువు అను విషయముపై నేను ఉపన్యసింపబోగా, “అయితే ఆ సొరకాయలైనా ఆపు చెయ్యమనండి, వండలేక చస్తున్నాను” అన్నది.

పెంపుదల ఫలితములు పుస్తకములో ఈ విధముగా నున్నవి. నలుబదిలో పదిమంది అలిగి మానిరి. ముప్పదిమంది ఎనుబది చొప్పున ఇచ్చిన రెండువేల నాలుగువందలు వచ్చినవి. అనగా వసూలు ఇరువది శాతము పెరిగినది. సచివుడు దీనిని ఎఱ్ఱసిరాతో గీటుపెట్టి పైకి పంపినాడు. రావలసినది పదునైదు వేలనుండి ఇరువదినాలుగు వేలకు పెరుగుటచే, రాని సొమ్మును ఆస్తిగా చూపు పద్ధతిని బట్టి, మా పంచాయతీ మునుపెన్నడును లేనంత సంపన్నమైనది. మోటారు ఆ నెలలోనే మరల కాలినది.

జనవరి 23వ తేదీ గ్రామసభలో, వసూలు చాలకున్నది గావున రుసుమును నూరు చేయవలెనను ప్రతిపాదన వచ్చినది. కనెక్షనుల మాట ఎవరును ఎత్తక ముందే, ముందు వరుసలోని ఒక సియాన్, ఊరికి పెద్ద, జీవితమున ఒక్క రసీదైనను పుచ్చుకొనని పుణ్యపురుషుడు, కర్ర ఊతగా లేచి నిలువబడి, నావైపు చేయి చాచి యిట్లనెను.

“వంద ఎందుకు, నూటయాభై రాసెయ్యి రావు సాబ్. మాటిమాటికీ ఈ సభలేమిటి?”