ముప్ఫై ఎనిమిది మాస్టారు

గుడివాడలో ఒకరు, బందరులో ఒకరు, అవనిగడ్డలో మేడ మీద గదిలో ఇంకొకరు. పేర్లు వేరు గానీ మనిషి ఒక్కడే: బైపీసీ ట్యూషన్ మాస్టారు. మోచేతి దాకా సుద్దపొడి, జేబులో ఎర్ర పెన్ను, డాక్టరు సీటు ఒక్క మార్కులో పోయిందన్న కథ.

ఈయన లోకంలో ఖర్చంతా ఏటీపీల్లోనే, అంటే ఒంట్లో కణాలు శక్తి కోసం ఖర్చు పెట్టే చిల్లరలోనే. టీ కోసం మెట్లు దిగడం దండగని కుర్రాళ్ళని పంపిస్తారు. కుర్రాళ్ళవి ఏటీపీలు కావు కాబోలు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, చెప్పడం వచ్చు. కణశ్వాసలో ఎలక్ట్రాన్లు చేతులు మారే గొలుసు గురించి చెబుతుంటే, "ఆక్సిజన్ ఉండేది గొలుసు చిట్టచివర కదండీ, అది లేకపోతే మొదట్లోనే ఎందుకాగాలి?" అన్నాడు దివిసీమ నుంచి వచ్చే కుర్రాడు.

"సముద్రం పోటు మీదుంటే మీ మురుగు కాలవ దిగుద్దా?"

"దిగదండీ. నీళ్ళు చేలోనే నిలబడిపోతాయి. మొన్న మా ఊడ్పులు..."

"ఊడ్పుల సంగతి తర్వాత. ఆక్సిజనే మొగ. అది ఎలక్ట్రాన్లు పుచ్చుకుని నీళ్ళుగా మారకపోతే సైటోక్రోములన్నీ నిండిపోతాయి, పైన ఎలక్ట్రాన్లు మోసుకొచ్చే ఎన్‌ఏడీహెచ్‌కి బరువు దించుకునే చోటే ఉండదు."

చిక్కంతా లెక్క దగ్గరే. "గ్లూకోజుకి ఎన్ని ఏటీపీలు?" అంటే గదంతా "ముప్ఫై ఎనిమిదండీ!" అని అరవాలి. ఓ పిల్ల లేచి, ఇప్పుడు 30, 32 అంటున్నారండీ, ఎన్‌ఏడీహెచ్‌కి మూడు కాదు, రెండున్నరేనట, అంది.

"అరేవిటమ్మా? సగం ఏటీపీ ఎవడు పుచ్చుకుంటాడు?"

నిజానికి లెక్క పిల్లదే. జత ఎలక్ట్రాన్లు ఎన్‌ఏడీహెచ్ నుంచి ఆక్సిజన్ దాకా వెళ్ళేలోపు మైటోకాండ్రియా లోపలి త్వచం దాటి పది ప్రోటాన్లు అవతలికి పోతాయి. అవి తిరిగొస్తూ ఏటీపీ సింథేజ్‌ని తిప్పుతాయి. ఒక్కో ఏటీపీకి ఇంచుమించు నాలుగు ఖర్చు. పదిని నాలుగు పెట్టి భాగిస్తే రెండున్నర. మాస్టారికీ తెలుసు. "పరీక్షకి 38. ఒంట్లో ఎన్ని పుడితే నీకెందుకు?" అని కూర్చోబెట్టేశారు.

ఆ రోజు పరువు నిలబెట్టుకోవడానికి సుబ్బారావు గారిని తీశారు. "ఏటీపీ ఎవరిదనుకున్నారు? 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుది! హార్వర్డులో ఫిస్కేతో కలిసి 1929లో బయటపెట్టాడు. మన గుడివాడలో రైలెక్కితే ఆయన పుట్టినూళ్ళో దిగొచ్చు."

అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా కనుక్కున్నాడు. మాస్టారు ఆ పేరెత్తరు. అక్కడికి గుడివాడ నుంచి రైలు లేదు.