చెప్పు కరిస్తే కాలికి కౌన్సెలింగ్

తొండూరు ఎస్సీ కాలనీ నుంచి ఓ పిల్ల పేరున్న కాలేజీలో సీటు కొట్టిందనుకోండి. పులివెందుల నాయకుడు వై.ఎస్. రాజశేఖరరెడ్డి హయాంలో ఊపందుకున్న ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆ పిల్లను బెంచీ దాకా తెస్తుంది. ఆ బెంచీ మీద పక్కన కూర్చునేవాణ్ణి మాత్రం తేలేదు.

అక్కడ కులం లేదు మరి! అంతా ఆధునికులు. అందుకే సూటిగా అడగరు. "మీ ఇంటిపేరేంటి?" అంటారు. తేలకపోతే "ర్యాంకెంత?" అంటారు. డబ్బు పోసి మేనేజ్‌మెంట్ కోటాలో దిగినవాడి ర్యాంకు ఎవరికీ అక్కర్లేదు; వాడి ప్రతిభ చెక్కు మీద అంకెల్లో, అక్షరాల్లో కూడా రాసుంటుంది కదా! "యాడికి పోతాండావ్?" అని సినిమా హీరో అంటే ఈలలు. కాలనీ పిల్ల అంటే ఇకిలింపులు, ఆపైన సాఫ్ట్ స్కిల్స్ క్లాసు.

పిల్ల ఏడ్చిందా? కౌన్సెలింగ్. "సర్దుకుపో తల్లీ, ధైర్యంగా ఉండాలి." చెప్పు కరిస్తే కాలిని కూర్చోబెట్టి ధైర్యం చెప్పడమన్నమాట. చెప్పు జోలికి మాత్రం పోరు; దాని నాన్నగారు కమిటీ సభ్యుడేమో, ఎవరికి తెలుసు!

యూజీసీ 2012లోనే సమాన అవకాశాల సెల్ పెట్టమంది, వివక్షను అడ్డుకునే అధికారిని నియమించమంది. అయినా 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల పోయాడు. 2023 ఫిబ్రవరిలో వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలో చదివే గిరిజన పీజీ వైద్యురాలి విషయం, ఆమె ఆస్పత్రిలో చావుబతుకుల్లో ఉన్నప్పుడుగానీ సీనియర్ మీద అట్రాసిటీ కేసు, అరెస్టు దాకా రాలేదు. మన దగ్గర చట్టం ఎప్పుడూ వెంటిలేటర్ పక్కకే వస్తుంది.

అమెరికాలో మనవాళ్లకు మాత్రం జాత్యహంకారం భలే తెలుసు. 1957లో అక్కడి లిటిల్ రాక్‌లోని తెల్లవాళ్ల బడికి తొమ్మిదిమంది నల్లజాతి పిల్లలు వెళ్తే, కాపలాకు సైన్యం రావాల్సి వచ్చింది. వారిలో ఆరుగురు ఆడపిల్లలే. రోజూ ఏడిపిస్తే తట్టుకోలేక తిరగబడిన మినిజీన్ బ్రౌన్‌ను 1958 ఫిబ్రవరిలో బడి నుంచి పంపేశారు. ఆ కథ విని కళ్లు తుడుచుకునే మన ఎన్నారై బాబాయే, అదే నోటితో "ఇంకెన్నాళ్లీ రిజర్వేషన్లు?" అంటాడు. సముద్రం దాటితే కన్నీళ్లకు వీసా దొరుకుతుంది కాబోలు.

ఆ కౌన్సెలింగేదో ఇకనుంచి ర్యాంకులడిగే వాళ్లకు పెట్టండి సార్. హాజరు తప్పనిసరి. ఖర్చు మేనేజ్‌మెంట్ కోటా ఖాతాలో రాసుకోండి.