పడిపోతోందన్నాను

శ్రీహరికోటలో ఆ రోజు నేనన్న మాట గుర్తొస్తే ఇప్పటికీ తల దించుకోవాలనిపిస్తుంది. "అయ్యో, పడిపోతోంది!" అని అరిచాను. పక్కనున్న మేనకోడలు బెదిరిపోయి నా చెయ్యి పట్టుకుంది.

తిరుపతి నుంచి చెన్నై వెళ్తూ, రాకెట్ ప్రయోగం చూడటానికి ముందే పేర్లు నమోదు చేసుకుని ఉన్నాం కనుక సూళ్లూరుపేట వైపు తిరిగాం. పులికాట్ సరస్సు మధ్యగా వేసిన రోడ్డు మీద దీవికి చేరాం. అక్కడి మ్యూజియంలో పిల్ల అడిగింది, వ్యోమగాములు గాల్లో ఎందుకు తేలతారని. "అంత ఎత్తున భూమి ఆకర్షణ ఉండదు కదమ్మా" అన్నాను, తడుముకోకుండా. ఏళ్ల తరబడి ట్యూషన్‌లో చెప్పిన జవాబే అది.

పీఎస్‌ఎల్‌వీ రాకెట్ లేచినప్పుడు మొదట వెలుగే కనిపించింది. చప్పుడు కిలోమీటరుకు మూడు సెకన్ల చొప్పున వెనకబడి వచ్చి, గుండెల మీద కొట్టింది. అంతలో రాకెట్ సముద్రం వైపు ఒరిగింది. 1979 ఆగస్టు 10న ఇక్కడి నుంచే లేచిన ఎస్‌ఎల్‌వీ-3 బంగాళాఖాతంలో పడిన సంగతి చదివి ఉన్నాను. అదే మనసులో మెదిలి అరిచేశాను.

వెనక వరుసలో ఒక పెద్దాయన ఉన్నారు. ఇక్కడి అంతరిక్ష కేంద్రం షార్‌లో ఘన ఇంధనం తయారుచేసే చోట పనిచేసి రిటైరయ్యారట. "వంగాల్సిందే సార్. నిట్టనిలువుగా పోతే మళ్లీ కిందికే వస్తది. పైకి పోవడం కన్నా పక్కకి పరిగెత్తడమే కష్టం" అన్నారు.

ఆయన చెప్పింది విన్నాక గానీ ఈ కేంద్రం చరిత్ర కూడా నాకు అర్థం కాలేదు. 1971 అక్టోబరు 9న ఇక్కడి నుంచి మొదట ఎగిరిన చిన్న రోహిణి రాకెట్ పైకి వెళ్లి కిందికి వచ్చేసేదే. రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది 1980 జులై 18న. ఆ మధ్య కాలమంతా పక్కకి పరిగెత్తే వేగం కోసం పడిన శ్రమ. నేను పైకి పోవడాన్నీ కక్ష్యలో నిలవడాన్నీ ఒకే గాటన కట్టేశాను.

నేల దగ్గర ఏ వస్తువైనా మొదటి సెకనులో ఐదు మీటర్లు పడుతుంది. భూమి వంపు కూడా ఎనిమిది కిలోమీటర్లకు ఐదు మీటర్లే. గాలి అడ్డం లేకుండా సెకనుకు ఎనిమిది కిలోమీటర్లు పరిగెత్తగలిగితే ఎంత పడినా నేల తగలదు. ఉపగ్రహం చేసేది అదే. అంతరిక్ష నౌక లోపలి మనుషులూ దానితోపాటే పడుతుంటారు కనుక తేలుతున్నట్టు ఉంటారు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తిరిగే 400 కిలోమీటర్ల ఎత్తున కూడా భూమి ఆకర్షణ నేలమీద ఉన్నదానిలో దాదాపు 90 శాతం ఉంటుంది. ఈ లెక్క ఇంటర్ చదువుకే అందుతుంది. నేను ఎన్నడూ వేసుకోలేదు. పుస్తకం తెరిచి చూసుకోవలసిన చోట నోటికొచ్చింది చెప్పి, దానినే చదువు అనుకున్నాను.

పావుగంట దాటాక మైకులో ఉపగ్రహం కక్ష్య చేరిందన్నారు. చప్పట్లు మోగాయి. తిరుగు దారిలో మేనకోడలికి నేను చెప్పింది తప్పని చెప్పి, కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. "అయితే చందమామ కూడా పడుతూనే ఉందా మావయ్యా?" అని అడిగింది. అవునన్నాను.

ఆ పిల్లకి దిద్దగలిగాను. నా దగ్గర ట్యూషన్ చదువుకున్న వాళ్లలో కొందరు ఇప్పుడు సైన్సు టీచర్లు. ఫోన్ నంబర్లు దొరికిన వాళ్లకి ఒక్కొక్కరికే ఫోన్ చేసి ఆ జవాబు తప్పని చెబుతున్నాను.