చలానాకూ ఆషాఢం

ఆషాఢంలో బట్టల కొట్లు తగ్గింపు ఎందుకిస్తాయో తెలుగువాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఆ నెల పెళ్లిళ్లుండవు, కొనేవాళ్లు పలచబడతారు, శ్రావణానికి కొత్త సరుకు దించుకోవాలి. అటక మీద మూలుగుతున్న పాత సరుకు ఏదో ఒక ధరకు కదలాలి. కదలని సరుకుకే తగ్గింపు. ఈ అంగడి సూత్రాన్ని తెలంగాణ ప్రభుత్వం ట్రాఫిక్ చలానాలకు పట్టించింది. 2022 మార్చిలో పెండింగ్ చలానాల మీద బైకులకు, ఆటోలకు 75 శాతం, కార్లకు, లారీలకు 50 శాతం, ఆర్టీసీ బస్సులకు 70 శాతం, తోపుడు బళ్లకు 80 శాతం తగ్గింపు ప్రకటించారు. దాదాపు 300 కోట్ల రూపాయలు గల్లాపెట్టెలో పడ్డాయి. ఆ తర్వాత ప్రభుత్వం మారింది గానీ దుకాణం పద్ధతి మారలేదు. కొత్త ముఖ్యమంత్రి ప్రమాణం చేసి మూడు వారాలు నిండకముందే, 2023 డిసెంబరు 26న మళ్లీ షట్టరు ఎత్తారు. ఈసారి బైకులకు, ఆటోలకు 80, కార్లకు, లారీలకు 60, ఆర్టీసీ బస్సులకు, తోపుడు బళ్లకు ఏకంగా 90. పట్టుచీర మీద కూడా ఎవరూ ఇవ్వని తగ్గింపు అది.

జనానికి డబ్బు మిగిలితే నీకెందుకయ్యా కడుపుమంట అని అడగొచ్చు. మంట ఎక్కడో తెలియాలంటే చలానా అంటే ఏమిటో ఒకసారి గుర్తు చేసుకోవాలి. ట్రెజరీలోనో బ్యాంకులోనో సొమ్ము జమచేసే కాగితం చలానా. పోలీసులు కోర్టులో దాఖలు చేసే అభియోగ పత్రం కూడా పాత కచేరీ భాషలో చలానాయే. కాలక్రమంలో మొదటి అర్థం రెండో అర్థాన్ని మింగేసింది. ఫోనుకు వచ్చిన చలానాను మనం కరెంటు బిల్లు చూసినట్టే చూస్తాం. చట్టం అలా చూడదు. మోటారు వాహనాల చట్టం 200వ సెక్షన్ ప్రకారం కొన్ని నేరాలకు ప్రభుత్వం ఒక రాజీ రుసుము నిర్ణయించవచ్చు. అది కట్టేస్తే వ్యవహారం అక్కడితో సరి. కట్టను, నేను ఆ తప్పు చేయలేదు అంటే పోలీసులు మేజిస్ట్రేటు ముందుకు వెళ్లి రుజువు చేయాలి. ఈ చివరి ముక్కే ఎవరికీ పట్టదు. ‘అభ్యంతరముంటే కోర్టులో తేల్చుకో’ అని కూడలిలో గదమాయించినప్పుడు, కేసు వేయాల్సినవాడు బండివాడే అన్నట్టు వినిపిస్తుంది. నిజానికి కోర్టుకు వెళ్లాల్సిన పని ఆరోపణ చేసినవాళ్లది. కొట్టువాడు తూకంలో అనుమానముంటే నువ్వే తక్కెడ తెచ్చుకో అంటే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంది.

మరి జనం ఎందుకు తేల్చుకోరు? లెక్క చాలా చిన్నది. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని మన పెద్దలు ఊరికే అనలేదు. ఆ సేళ్లు నడిచే రోజులకు హైదరాబాద్‌లో హెల్మెట్ లేకపోతే జరిమానా వంద, దాని మీద యూజర్ ఛార్జీ 35. (ఫొటో తీయించుకున్నందుకు కూలి కూడా నిందితుడే ఇచ్చుకోవాలన్నమాట. స్టూడియోవాళ్లు కనీసం ప్రింటు ఇస్తారు.) ఆ వంద మీద 80 శాతం తీసేస్తే మిగిలేది ఇరవై, ఒక ఇరానీ చాయ్ ఖరీదు. ఇరవై రూపాయల ఆరోపణను ఎదుర్కోవడానికి ఒకరోజు కూలి పోగొట్టుకుని, వకీలుకు ఫీజిచ్చి, వాయిదాకు హాజరయ్యేవాడిని ఊళ్లో పిచ్చివాడంటారు. తగ్గింపు ఎంత పెరిగితే నిర్దోషి నోరు అంత మూతపడుతుంది. తప్పు చేసినవాడికి ఎనభై శాతం కలిసొచ్చింది. చేయనివాడికి ఇరవై శాతం శిక్ష పడింది. ఇద్దరూ ఒకే బటన్ నొక్కారు, ఇద్దరి రసీదులూ ఒకేలా ఉన్నాయి. ఎవరు ఎవరో తేల్చగల చోటికి ఇద్దరిలో ఏ ఒక్కరూ పోలేదు.

ఇక ఈ దుకాణంలో అమ్మిన సరుకు వయసు చూడండి. నేర విచారణ చట్టంలో కాలపరిమితి అని ఒకటుంది. పాత స్మృతిలో 468వ సెక్షన్, ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 514. జైలు లేకుండా జరిమానా మాత్రమే ఉన్న నేరమైతే, జరిగిన ఆరు నెలల్లోపు కోర్టు విచారణకు తీసుకోవాలి. ఆ గడువు దాటితే, ఆలస్యానికి సరైన కారణముందని కోర్టు తృప్తిపడితే తప్ప తీసుకోకూడదు. నో పార్కింగ్ కేసు అచ్చంగా ఈ కోవలోకి వస్తుంది. అంటే ఏళ్లనాడు ఏ ఆబిడ్స్‌లోనో అమీర్‌పేటలోనో అడ్డంగా నిలిపిన స్కూటరు మీద ఈలోగా ఎవరూ కోర్టు గడప తొక్కకపోతే, ఆ చలానాను మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లడమే కష్టం. తేదీ దాటిన మాత్రల్ని మందుల కొట్టువాడు సగం ధరకు అమ్మితే డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చి తాళం వేస్తాడు. తేదీ దాటిన ఆరోపణను ఇరవై శాతానికి అమ్మితే పత్రికలు ‘వాహనదారులకు శుభవార్త’ అని రాస్తాయి. తగ్గింపు ఎందుకిచ్చారన్న ప్రశ్నకు దయ, కరుణ, ప్రజాసంక్షేమం అని ఎన్ని జవాబులు చెప్పినా, ఆషాఢం సూత్రమే నిజానికి దగ్గరగా ఉంది. కోర్టు కౌంటరు మీద చెల్లని సరుకును వచ్చినకాడికి వదిలించుకున్నారు.

గడువులోపు కోర్టుకు వెళ్లినా ఆ సరుకు ఎంతవరకు నిలబడేదో అనుమానమే. కెమెరాకు నంబర్ ప్లేటు కనిపిస్తుంది, చట్టానికి మాత్రం నడిపినవాడు కావాలి. బండి యజమాని వేరు, నడిపినవాడు వేరు కావచ్చు గనకే మోటారు వాహనాల చట్టంలో 133వ సెక్షన్ పెట్టి, ఆ పూట నడిపిందెవరో చెప్పాలని యజమానిని అడిగే అధికారం పోలీసులకిచ్చారు. అడిగే అధికారముంది గానీ అడిగే ఓపిక ఎవరికుంది? బండి అమ్మేసి, పేరు మార్పిడి పూర్తికాక ఇంకా పాత యజమానిగానే రికార్డుల్లో ఉన్నవాడికి, ఎప్పుడూ చూడని ఊళ్లో ట్రిపుల్ రైడింగ్ చేసినట్టు సందేశం వస్తుంది. కేంద్రం 2021 ఆగస్టులో 167ఎ అనే నిబంధన తెచ్చింది. నిఘా పరికరానికి ధ్రువీకరణ పత్రం ఉండాలి, దాన్ని ఏటా పునరుద్ధరించాలి, కెమెరా ఉందని తెలిసేలా హెచ్చరిక బోర్డు పెట్టాలి, నేరం జరిగిన పదిహేను రోజుల్లోపు నోటీసు పంపాలి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కోర్టులో జతచేయాల్సిన సర్టిఫికెట్ సంగతి సరేసరి. ఇవన్నీ మంచి నిబంధనలే. ఒక్క లోపమల్లా, వీటిని పాటించారా లేదా అని అడగగల చోటు కోర్టు ఒక్కటే. అక్కడికి ఎవరూ వెళ్లకుండా తగ్గింపు చూసుకుంటుంది. స్పీడ్ గన్ సరిగ్గా కొలిచిందా అని ఎవరూ అడగని ఊళ్లో దాన్ని సరిచూడాల్సిన తొందర ఎవరికుంటుంది?

కోర్టులకు ఇప్పటికే ఊపిరాడటం లేదు, కోట్ల చలానాలు వాటి నెత్తిన పడేస్తే హత్య కేసులు ఎవరు వింటారని పెద్దమనుషులు అడుగుతారు. తీసిపారేయాల్సిన ప్రశ్న కాదు. కానీ చట్టం రాసినవాళ్లకు కూడా ఈ సంగతి తెలుసు. 208వ సెక్షన్‌లో చిన్న కేసుల్లో ముద్దాయి కోర్టుకు రాకుండానే తప్పు ఒప్పుకుని సొమ్ము పంపించే వీలు ఎప్పుడో పెట్టారు. ఢిల్లీలో 2019 నుంచి ట్రాఫిక్ చలానాల కోసం వర్చువల్ కోర్టు నడుస్తోంది. ఒప్పుకుంటే ఇంటి నుంచే కట్టొచ్చు, కాదంటే కేసు మామూలు కోర్టుకు పోతుంది. ఒప్పుకున్నవాళ్లను పక్కన పెడితే, ఒళ్లు మండి కాదు అనేవాళ్లు కొద్దిమందే మిగులుతారు. ఆ కొద్దిమంది వల్లే మిగతావాళ్ల చలానాలకు పరువు. నూటికి ఒకటైనా కోర్టులో నిలబడుతుందో పడిపోతుందో తెలిస్తేనే మిగిలిన తొంభై తొమ్మిదీ సరిగ్గా రాసినవో కావో తెలుస్తుంది. అన్నం ఉడికిందా అని చూడటానికి గుండిగెడు మెతుకులూ నలపనక్కర్లేదు, ఒక్క మెతుకైనా పట్టుకు చూడాలి కదా. పైగా, కోర్టుల మీద భారం పడుతుందని అంత బెంగ ఉన్నవాళ్లు, రుజువు చేసే ఉద్దేశం లేని చలానాలు కోట్లలో ఎందుకు రాశారట?

రెండో అభ్యంతరం పేదవాడి పేరు మీద వస్తుంది. ఆటో డ్రైవరు, తోపుడు బండివాడు పూర్తి జరిమానా ఎలా కడతారు అంటారు. నిజమే, కట్టలేరు. అయితే ఆ జరిమానా ఎంతుండాలో నిర్ణయించింది ఎవరు? 200వ సెక్షన్ రుసుమును గెజెట్‌లో అచ్చువేసుకునే అధికారం రాష్ట్రానిదే. కేంద్రం 2019 సవరణతో జరిమానాలు పెంచినప్పుడు ఆ పెంపు మాకొద్దని ఆగిన రాష్ట్రం కూడా ఇదే. అరటిపళ్లు అమ్ముకునేవాడికి వెయ్యి ఎక్కువ, వంద చాలనుకుంటే మొదటిరోజే వంద అని రాయొచ్చు. వెయ్యి అని రాసి, ఏడాదో రెండేళ్లో గుండెల మీద కుంపటి పెట్టి, ఆ తర్వాత ఒక శుభముహూర్తాన తొమ్మిది వందలు మాఫీ చేయడం దయ కాదు, ధర పెంచి తగ్గింపు బోర్డు పెట్టే పాత వ్యాపారి కిటుకు. తోపుడు బండివాడు దారికడ్డంగా నిలబడ్డాడంటే నిలబడటానికి చోటు చూపించలేదనే కదా అర్థం. ఆ మాట మేజిస్ట్రేటు ముందు చెప్పుకోగలిగితే తొంభై శాతం కాదు, నూరు శాతం పోవచ్చు. ఇక ఆర్టీసీ బస్సుకు తొంభై శాతం ఎందుకో ఎంత ఆలోచించినా అంతుపట్టదు. ప్రభుత్వ పోలీసు, ప్రభుత్వ సంస్థ బస్సుకు చలానా రాశాడు. ఆ మీదట ప్రభుత్వమే ప్రభుత్వ సంస్థకు తగ్గింపు ఇచ్చింది. ఈ జేబులోంచి ఆ జేబులోకి మారే సొమ్ము మధ్యలో ఎనభై అయితే ఏమిటి, తొంభై అయితే ఏమిటి? ఎర్రదీపం పడ్డా ఆగని బస్సు కిందపడబోయి బతికినవాడిని మాత్రం ఈ బేరంలో ఎవరూ పిలవలేదు.

కోర్టుకెక్కే హక్కు గురించి మాట్లాడేవాళ్లంతా తప్పించుకునే రకాలే అన్నది ఇంకో మాట. దీనికి ఆధారం లేకపోలేదు. ప్రతి కాలనీలో ఒక వాట్సాప్ వకీలుంటాడు. బండి తాళం లాక్కునే హక్కు లేదని, ఫలానా ర్యాంకుకు తక్కువవాడు లైసెన్సు అడగకూడదని, సెల్‌ఫోన్ ఫొటో చెల్లదని సెక్షన్లతో సహా అప్పజెబుతాడు. అందులో సగం తప్పు, సగం ఒప్పు. ఆ ఒప్పు సగాన్నయినా ఏనాడూ ఏ మేజిస్ట్రేటు ముందూ పెట్టడు. తగ్గింపు ఎప్పుడొస్తుందా అని మిగతా అందరికంటే ముందు అతనే వాకబు చేస్తాడు, వచ్చిన మొదటిరోజే కట్టేసి రసీదును గ్రూపులో పెడతాడు. హక్కు తెలిసినవాడు హక్కును వాడకపోవడం, తప్పు తెలిసినవాడు తప్పు మానకపోవడం, ఈ రెంటికీ ఒకే పథకం సరిపోయింది. ఈ వ్యవహారంలో నవ్వలేని భాగం ఇదే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో హెల్మెట్ పెట్టుకోనివాళ్లు 50,029 మంది. చలానా అంటే భయం ఉండాలని ఈ అంకెల ముందు ఎవరైనా ఒప్పుకుంటారు. భయం మొత్తాన్ని బట్టి రాదు, తప్పదన్న నమ్మకాన్ని బట్టి వస్తుంది. రెండేళ్లు తిరక్కుండా రెండుసార్లు సేలు చూసిన బైకువాడు మూడోది కూడా వస్తుందనుకోడానికి ఏ జ్యోతిష్కుడూ అక్కర్లేదు. కోర్టులో ఓడి వంద కట్టినవాడు మర్నాడు హెల్మెట్ కొంటాడేమో. ఇరవై కట్టినవాడు ఎనభై మిగిలిందనుకుంటూ ఉత్తి తలతోనే ఇంటికెళ్తాడు.

పక్క రాష్ట్రానికీ ఈ గాలి సోకింది. 2023 ఫిబ్రవరిలో కర్ణాటకలో యాభై శాతం తగ్గింపు ఇచ్చారు, అదీ అక్కడి న్యాయసేవల ప్రాధికార సంస్థ సిఫారసుతో. న్యాయం ఇప్పించాల్సిన సంస్థే న్యాయానికి ప్రత్యామ్నాయంగా సేలు సూచించిందంటే తిలాపాపం తలా పిడికెడు అనుకోవాలి.

చట్టాన్ని నమ్మి చలానా వచ్చిన వారంలోనే మీసేవకు వెళ్లి పూర్తి సొమ్ము కట్టినవాళ్లు కూడా ఈ రాష్ట్రంలో ఉన్నారు. రెండు సేళ్లలోనూ పెండింగ్ ఉన్నవాళ్ల పేర్లే చదివారు గానీ వీళ్ల పేరు ఎక్కడా వినబడలేదు. వాయిదా అనే మాటకు కోర్టులో ఒక మర్యాద ఉంది. సమన్లు అందుకుని వాయిదాకు రాకపోతే వారంటు ఇంటికొస్తుంది. 2023 డిసెంబరు సేలుకు చివరి తేదీ జనవరి 10 అన్నారు. ఆ రోజు రానివాళ్ల కోసం జనవరి 31కి జరిపారు. అప్పటికీ రానివాళ్ల కోసం ఫిబ్రవరి 15కి జరిపారు.