చూసిపోదామని వచ్చినోళ్లు

మా కొత్తచెరువులో పుట్టి గుండెజబ్బు గురించి తెలీదంటే నవ్విపోతారు. పక్కనే పుట్టపర్తి. 1991 నవంబరు 22న అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు ప్రారంభించిన సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి అక్కడుంది. ఆపరేషన్ ఉచితం కాబట్టి ఎక్కడెక్కడి వాళ్లో గుండె చేతబట్టుకుని ప్రశాంతి నిలయం స్టేషన్లో రైలు దిగుతారు. ఇన్నేళ్లుగా వాళ్లను ఎక్కించుకున్న ఆటోవాళ్లు, వాళ్లకు టీ పోసినవాళ్లు అందరూ మా దగ్గర సగం కార్డియాలజిస్టులే. మనిషి నడక చూసి "ఇది వాల్వు, అది బ్లాకు" అని తేల్చేస్తారు.

అందుకే నేను బైపాస్ చేయించుకుని ఇల్లు చేరేసరికి డిశ్చార్జి కాగితం నా చేతిలో ఉందిగానీ, వైద్యం వీధి చేతిలోకి పోయింది.

మొదట వచ్చింది పక్కింటి పెద్దమ్మ. "ఏం నాయనా, కాల్లో నరం తీసి గుండెకేసినారంట గదా. ఇంగ నడిస్తే గుండె నొయ్యదా?"

నవ్వొచ్చింది. నవ్వకూడదు. రొమ్ము ఎముకను నిలువునా కోసి, పని కానిచ్చి, మళ్లీ దగ్గరికి చేర్చి స్టీలు తీగలతో బిగించి పంపారు. దగ్గినా తుమ్మినా నవ్వినా దిండును ఎదకు అదుముకోమన్నారు. నేను దిండుకోసం తడుముకుంటుండగానే రెండో ప్రశ్న పడింది. "ఆ తీగలు తుప్పు పట్టవా?"

కాలి సిరను తీసి గుండెకు అతికే పద్ధతిని 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో గాడిలో పెట్టినవాడు రెనే ఫవలోరో. అంతకుముందు ఆయన సొంతదేశం అర్జెంటీనాలో, లా పంపా అనే మెట్టసీమలో పన్నెండేళ్లపాటు పల్లెటూరి డాక్టరు. ఇట్లాంటి పెద్దమ్మలను చూసి చూసి రాటుదేలే అంత పని చేసుంటాడని నా అనుమానం. కాలి లోపల వేరే సిరలున్నాయి, తీసేసిన సిర పని అవి చూసుకుంటాయి అని చెప్పాను. "అయితే ఇది దేవుడు ఎక్‌స్ట్రా ఇచ్చినాడనమాట" అంది. ఫవలోరో కూడా ఇంత బాగా చెప్పుండడు. నిజానికి నన్ను ఎక్కువ సతాయించింది ఎద కాదు, ఆ కాలే.

తర్వాత మూడు బంతుల డబ్బా. ప్లాస్టిక్‌తో చేసింది, మూడు గదులు, గదికో బంతి, పక్కన గొట్టం. ఊపిరి లోపలికి పీలిస్తే బంతులు లేస్తాయి. ఆపరేషన్ తర్వాత నొప్పికి భయపడి పైపైన ఊపిరి తీస్తాం కదా, ఊపిరితిత్తుల అడుగుభాగాలు ముడుచుకుపోకుండా, కఫం చేరకుండా ఈ ఏర్పాటు. చూడొచ్చిన ప్రతివాడూ దాన్ని బూరలాగా ఊదాడు. మా బామ్మర్ది బుగ్గలు ఉబ్బించి ఊది, "ఇది పన్జెయ్యడంలేదు బావా, వాపసిచ్చెయ్" అన్నాడు. పీల్చాలిరా అన్నాను. పీల్చాడు. రెండో బంతి సగంలో ఆగిపోయింది. ముప్పై ఏళ్ల బీడీలాయె. ఎద కోయించుకున్న నాకు మూడూ లేస్తాయి. ఆ పూటంతా వాడు జేబులోని బీడీకట్ట బయటికి తీయలేదు. మా ఆవిడ ఆ గొట్టాన్ని కడిగి, డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేసింది.

ఇక బరువులు. నాలుగైదు కిలోలకు మించి ఎత్తకూడదు, తోయకూడదు, లాగకూడదు. నిండు బిందె దానికి రెండింతలపైనే తూగుతుంది. మా కరువుసీమలో కొళాయి వచ్చిందంటే ఇంటిల్లిపాదీ ఉరకాల్సిందే. నేనొక్కణ్ణే అరుగుమీద కాలు చాపుకుని కూర్చోవడం చూసి ఎదురింటాయన నా డిశ్చార్జి కాగితం జిరాక్సు అడిగాడు.

ఉప్పు, నూనె తగ్గించమన్నారు. శెనక్కాయలు పండించే నేలమీద బతికేవాణ్ణి పట్టుకుని చెప్పే మాటేనా? సంగటికి అభ్యంతరం లేదంట, పక్కనుండే శెనక్కాయల ఊరిబిండితోనే పేచీ. మా అత్త మాత్రం దారి కనిపెట్టింది. డబ్బానిండా ఓళిగలు తెచ్చి, "తీపే గదా అల్లుడా, దీంట్లో ఉప్పెక్కడిది?" అంది.

ఇంకొకటి ఎవరూ ముందుగా చెప్పరు. ఈ ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు ఊరికే ఏడుపొస్తుంది. చాలామందికి ఇంతేనంట. టీవీ సీరియల్లో కోడలు ఏడిస్తే నా కళ్లూ కారాయి. మా ఆవిడ రిమోట్ పక్కన పెట్టి, "ఇన్నేళ్ల కాపురంలో నాకోసం ఒక్క చుక్క రాలేదు, దానికోసమా?" అంది. గుండె కోసిన డాక్టరు దగ్గర కూడా దీనికి మందులేదు.

బైపాస్ అయి ఇంటికొచ్చినవాణ్ణి చూడ్డానికి పొండి, వద్దనను. జలుబు, దగ్గు ఉంటే మాత్రం ఫోన్లోనే పలకరించండి. ఎముక అతుక్కోను రెండు మూడు నెలలు పడుతుంది, నవ్వించే కబుర్లు అప్పటిదాకా దాచిపెట్టండి. మా ఇంటికైతే ఎప్పుడైనా రండి. బంతుల డబ్బా మాత్రం అడక్కండి, బీరువా తాళంచెవి నా దగ్గర లేదు.