సింగపూర్ లక్సా పద్యానికి బోథ్ వ్యాఖ్య

మూలం

ఆ. బొగ్గు పొయ్యి మీద బుడబుడ మరిగేది
చెంచతోనె తినగ చెల్లు లక్స
మట్టి పిడతలోన మరియొక్క రకముండు
మామ, వస్తె చాలు, మనదె బిల్లు!

అవతారిక

ప్రశ్న లేనిదే పద్యం పుట్టదు. "అల్లుడా, సింగపూర్ అంటే చాలు, టీవీల అందరు లక్సా లక్సా అంటున్నరు. గంత పెద్ద పట్నంల అది ఏడ తినాలె?" అని ఆదిలాబాద్ జిల్లా బోథ్ నుంచి ఒక మామ ఫోన్లో అడిగాడు. ఆ మామను నేనే. అక్కడ బిల్డింగుల పనిలో ఉన్న మేనల్లుడు అడ్రసులు పంపకుండా పైన చూపిన ఆటవెలది పంపాడు. బడిలో గణవిభజన అంటే వాడు ఎంత దూరం పారిపోయేవాడో తెలుసు గనుక ముందు గురులఘువులు గుర్తించి చూశాను. గణాలు కుదిరాయి, యతులు కుదిరాయి. ఇక వ్యాఖ్య రాయక తప్పలేదు.

వ్యాఖ్యాతలందరికీ మల్లినాథ సూరి పెద్దదిక్కు. కాళిదాసును లోకానికి విప్పిచెప్పిన ఆ మహానుభావుడు మన మెదక్ జిల్లా కొల్చారం వాడంటారు. మూలంలో లేనిది రాయను, అక్కర లేనిది చెప్పను అన్నది ఆయన ప్రతిజ్ఞ. మొదటి సగం పాటించడానికి శాయశక్తులా ప్రయత్నిస్తాను. రెండో సగం మాత్రం పత్రికవారు ఇచ్చిన పేజీలను బట్టి ఉంటుంది.

ప్రతిపదార్థం

బొగ్గు పొయ్యి మీద = కట్టెబొగ్గుల నిప్పు మీద; బుడబుడ = ఆ విధమగు చప్పుడుతో; మరిగేది = కాగుచున్నట్టిది; చెంచతోనె = చెంచా ఒక్కదానితోనే (ఇచటి 'నె' చేత చైనా పుల్లలు, ముళ్ల చెంచా, కుడిచెయ్యి నిషిద్ధములు); తినగ = తినుటకు; చెల్లు = తగును; లక్స = లక్సా అను పదార్థము; మట్టి పిడతలోన = కుమ్మరి చేసిన పాత్రయందు; మరియొక్క రకము = వేరొక తీరుది; ఉండు = కలదు; మామ = ఓ మేనమామా; వస్తె చాలు = విమానము దిగిన చాలును; మనదె బిల్లు = రొక్కము చెల్లించు భారము మనదే.

తాత్పర్యం

సింగపూర్‌లో లక్సా తినదగిన చోట్లు మూడు. మామ రావలెను. తిన్నదానికి ఎవరో ఒకరు డబ్బు కట్టవలెను.

విశేషం

'మరిగేది' అన్నాడు గాని మరుగుతున్నది ఏమిటో కవి చెప్పలేదు. తిన్నవాడికి తెలుసు, తిననివాడికి వ్యాఖ్యాత చెప్పాలి. ఎండు మిరపకాయలు, చిన్న ఉల్లిగడ్డలు, ఎల్లిగడ్డ, పసుపు, నిమ్మగడ్డి, అల్లానికి దాయాది అయిన దుంపరాష్ట్రం, నానబెట్టిన ఎండు రొయ్యలు, బెలచాన్ అనే పులిసిన రొయ్యల ముద్ద, వీటన్నిటినీ కలిపి నూరుతారు. ఈ ముద్దను మలయా వాళ్లు రెంపా అంటారు. నూనె పైకి తేలేదాకా దీన్ని ఓపికగా వేయించాలి. ఇక్కడ తొందరపడ్డవాడి లక్సా పచ్చివాసన కొడుతుంది. ఆ తర్వాత కొబ్బరిపాలు పోస్తారు. గిన్నెలో లావుపాటి బియ్యప్పిండి పోగులు, మొలకలు, వేయించిన సోయా పనీరు ముక్కలు, చేపముద్ద బిళ్లలు, రొయ్యలు, గుల్లలు వేసి, పులుసు పోసి, మళ్లీ వంపి, మళ్లీ పోస్తారు. పోగులు వేడెక్కడానికే ఈ పోత, వంపు. చివరగా లక్సా ఆకు తరిగి చల్లి, పక్కన మిరప ముద్ద పెడతారు. ఆ ఆకును బయటి దేశాల్లో వియత్నాం కొత్తిమీర అంటారు గాని అది కొత్తిమీర కుటుంబానికి చెందింది కాదు. వాసన ఘాటు. గిన్నెలో అది లేకపోతే దాన్ని లక్సా అనడానికి అక్కడివాళ్లు ఒప్పుకోరు. సోయా పనీరు ముక్కకు సొంత రుచి లేదు, పులుసంతా తనలోకి పీల్చుకుని కూర్చుంటుంది. కొరికినప్పుడు నాలుక కాలితే తప్పు ముక్కది కాదు.

మహారాష్ట్ర గాలి తగిలిన మా ఆదిలాబాద్ దిక్కు వాళ్లకు ఒక్క మాట చాలు: పోహా మీద తర్రి అనే కారం పులుసు పోస్తే ఎట్లనో, పోగుల మీద ఈ పులుసు అట్ల. పోహాను అడిగి హోటల్‌కు పోయినవాడు లేడు, తర్రి కోసమే పోతాడు.

లక్సా అనే మాటకు సంస్కృతంలోని 'లక్ష' మూలమని కొందరు, పారసీకం నుంచి వచ్చిందని కొందరు వాదిస్తారు. రెండు పక్షాల వాళ్లూ గిన్నె ముందుకు రాగానే నోరు మెదపరు గనుక నేనూ ఆ వాదంలోకి పోను.

ప్రథమ పాదం: స్థల నిర్ణయం

బొగ్గు పొయ్యి అనగానే సింగపూర్ తెలిసినవాళ్లు గుర్తుపట్టేది సుంగై రోడ్ లక్సా. 1956 నాటి నుంచి ఉన్న దుకాణం. పులుసు కుండను ఈనాటికీ బొగ్గుల మీదే ఉంచుతారు. పులుసు మరీ చిక్కగా ఉండదు, తాగడానికి వీలుగా ఉంటుంది. పేరు సుంగై రోడ్డుది, కొలువు మాత్రం దాని పక్కనున్న జలాన్ బెర్సే వీధిలో, 27వ బ్లాకు కింద. సుంగై రోడ్డులో దొంగల బజారు అని పేరుపడ్డ పాత సామాన్ల అంగడి ఒకటి ఉండేది. దాన్ని 2017 జూలై 10న మూసేశారు. అంగడి పోయింది, లక్సా పేరులో వీధి మిగిలింది.

ఇక్కడ ఒక శంక. కవి దుకాణం పేరు చెప్పక బొగ్గు పొయ్యి అని ఎందుకు తిప్పాడు? సమాధానం: సింగపూర్‌లో తిండి దుకాణం పేరును నమ్ముకుని పోతే వేరే చోట తేలుతాం. 1968లో అక్కడి ప్రభుత్వం వీధి వ్యాపారుల లెక్క మొదలుపెట్టి, 1986 నాటికి అందరినీ నీళ్లు, కరెంటు, మోరీలు ఉన్న హాకర్ సెంటర్లలోకి ఎక్కించింది. బండి కదిలింది, పేరు కదల్లేదు. ఇది మా వాళ్లకు కొత్త సంగతేం కాదు. హైవే మీద బోథ్ క్రాస్ రోడ్ బోర్డు చూసి దిగినవాడికి బోథ్ కనబడదు, ఇంకా పోవాలె. అందుకే మా అల్లుడు చిరునామా వదిలి ఆనవాలు పట్టుకున్నాడు. నిప్పు, చెంచా, పిడత. ఈ మూడింటికీ వీధి పేరుతో పని లేదు.

ఆ హాకర్ సెంటర్ల సంస్కృతినే 2020 డిసెంబర్‌లో యునెస్కో మానవజాతి వారసత్వాల జాబితాలో చేర్చింది. ఒకప్పుడు రోడ్డు మీది నుంచి లేపిన బండ్లకే తర్వాత ప్రపంచం దండ వేసింది.

ద్వితీయ పాదం: అన్వయ వివాదం

'చెంచతోనె' అన్న విశేషణం దేనికి అన్వయిస్తుంది? ఇక్కడ వ్యాఖ్యాతలు రెండు పక్షాలు. రెండు పక్షాలకూ నేనే ప్రతినిధిని.

పూర్వపక్షం: పోగులను పొట్టిగా తుంచి, చెంచా ఒక్కదానితో తినే పద్ధతికి పేరుపడింది కటాంగ్. కాబట్టి రెండో పాదం కటాంగ్ లక్సాకే చెందుతుంది. కటాంగ్ ఊరికి తూర్పున, పెరనకాన్ కుటుంబాల పాత పేట. చైనా నుంచి వచ్చి మలయా ఆచారాల్లో కలిసిపోయిన వాళ్లు పెరనకాన్లు. చైనా పోగులకూ మలయా మసాలాకూ లగ్గం వాళ్ల ఇళ్లలోనే అయింది. అక్కడ కావడిలో లక్సా మోసుకుని అమ్మిన ఒకాయనకు జంగుట్ అని పేరు. మలయా భాషలో గడ్డం అని అర్థం, గదవ మీది పుట్టుమచ్చకు మొలిచిన వెంట్రుకల వల్ల వచ్చింది. ఆయన పేరు మీద, పేట పేరు మీద, 'అసలు' అన్న విశేషణం మీద ఈస్ట్ కోస్ట్ రోడ్డులో పక్కపక్క దుకాణాల మధ్య పెద్ద కొట్లాటే నడిచింది. పత్రికలు దాన్ని లక్సా యుద్ధం అన్నాయి. ఆ యుద్ధంలో బాగా పేరు తెచ్చుకున్నది 51వ నంబరులోని 328 కటాంగ్ లక్సా. 2013లో గోర్డన్ రామ్సే అనే బ్రిటిష్ వంటల మహారాజు సింగపూర్‌కు వచ్చి ముగ్గురు స్థానిక వంటవాళ్లతో మూడు వంటల్లో పోటీకి దిగాడు. జనం ఓట్లేశారు. ఎండ్రకాయ కూరలో గెలిచాడు, కోడి అన్నంలో ఓడాడు, లక్సాలో ఈ 328 వాళ్ల చేతిలో ఓడాడు. చెంచాతో గెలిచిన యుద్ధం ఇది ఒక్కటేనేమో.

సిద్ధాంతం: పూర్వపక్షం చెప్పినదంతా నిజమే గాని అన్వయం తప్పు. ఏలయన, సుంగై రోడ్ దుకాణంలో కూడా పోగులు తుంచే ఇస్తారు, అక్కడా చెంచానే. కాబట్టి మొదటి రెండు పాదాలూ కలిసి ఒక్క వాక్యం: బొగ్గు పొయ్యి మీద మరిగే లక్సాయే చెంచాతో తినదగును. అప్పుడు పద్యంలో కటాంగ్‌కు చోటెక్కడ? లేదు. రామ్సేను ఓడించిన లక్సాను మా అల్లుడు ఒక్క అక్షరం కూడా ఖర్చుపెట్టకుండా దాటేశాడు.

పైన తాత్పర్యంలో మూడు చోట్లన్నది పూర్వపక్షం లెక్క. సిద్ధాంతం ప్రకారం రెండే.

తృతీయ పాదం

మట్టి పిడత అంటే డిపో రోడ్ జెన్ షాన్ మీ క్లేపాట్ లక్సా. దీని పేరులోనూ వీధి ఒకటి, ఉనికి వేరు: ఉన్నది అలెగ్జాండ్రా విలేజ్ ఫుడ్ సెంటర్‌లో. తక్కువ ధరకు మంచి తిండి పెట్టే చోట్లకు మిషెలిన్ గైడ్ వాళ్లిచ్చే బిబ్ గుర్మాండ్ గుర్తింపు దీనికి దక్కింది. పులుసు చిక్కన, పిడతలో ఉడుకుతూనే బల్ల మీదికి వస్తుంది, చివరి చెంచా దాకా వేడి తగ్గదు.

రసజ్ఞులు ఒకటి గమనించాలి. మొదటి పాదంలో కవి 'బుడబుడ' అన్నాడు. పొయ్యి పక్కన నిలబడి విన్నవాడి మాట అది. మూడో పాదంలో 'ఉండు' అని ఊరుకున్నాడు. ఉందని ఎవరో చెబితే విన్నవాడి మాట ఇది. పిడత లక్సా వాడు తినలేదని క్రియాపదమే పట్టిస్తున్నది. గొప్ప దుకాణాల జాబితా రాసేవాళ్లు అన్నిటికీ ఒకే గొంతుతో జై కొడతారు. పద్యం మాత్రం ఎక్కడ తిన్నాడో, ఎక్కడ తినలేదో దాచలేకపోయింది.

కారణం ఊహించడం కష్టం కాదు. వాడికి సెలవు ఆదివారం ఒక్కటే. ఆ రోజు మన తెలుగోళ్లు, తమిళోళ్లు, బంగ్లాదేశ్ వాళ్లు లిటిల్ ఇండియాలో చేరుతారు. సెరంగూన్ రోడ్డులో 1855 నాటి శ్రీనివాస పెరుమాళ్ గుడి, దగ్గర్లోనే ముస్తఫా సెంటర్, ఇంటికి డబ్బు పంపే దుకాణాలు, ఊరోళ్ల ముచ్చట్లు. జలాన్ బెర్సే అక్కడి నుంచి నడిచిపోయే దూరం. కటాంగ్‌కు, అలెగ్జాండ్రాకు బస్సో రైలో పట్టాలి, మళ్లీ వెనక్కి రావాలి, చీకటి పడేలోపు హాస్టల్ చేరాలి. అంత పెద్ద పట్నంలో ఇష్టమైన హోటల్‌ను నాలుక ఒక్కటే ఎంచదు, సెలవు రోజూ కాళ్లూ ముందే ఎంచిపెడతాయి.

వదిలేసినవి

పెనాంగ్‌లో కొబ్బరిపాలు లేకుండా చింతపండు, చేపలతో చేసే అసం లక్సా ఉంది. 2011లో సీఎన్ఎన్ వాళ్లు ప్రపంచంలోని 50 మేటి వంటల్లో దానికి ఏడో స్థానం ఇచ్చారు. చింతపండు పులుసు మన నోటికి ఇంకా దగ్గర. మూలంలో అది లేదు. మల్లినాథుడి మీద గౌరవంతో ఇంతటితో ఆపుతున్నాను. శ్రావణమాసంలో నీసు ముట్టని నియమం ఉన్నవాళ్లకు సింగపూర్ లక్సా గురించి ఒక మాట: పైన రొయ్యలు తీసి ఇమ్మంటే ఇస్తారు గాని, ముద్దలో నూరిన రొయ్యను తీయడం ఎవరి తరమూ కాదు.

చతుర్థ పాదం

'మనదె బిల్లు.' తొలి చూపుకు ఇది మేనల్లుడి ఔదార్యం. కానీ తెలుగులో 'మేము' వినేవాణ్ణి వదిలేస్తుంది, 'మనము' వినేవాణ్ణి కలుపుకుంటుంది. కవి ఛందస్సు కోసం అట్లా రాశాడని సమర్థించబోతే కుదరదు. 'నాదె' అంటే యతి చెడేది, నిజమే. 'మాదె' అంటే? గలం, సూర్యగణం. యతి మాకు మా. నిక్షేపంగా సరిపోయేది. ఛందస్సు అడ్డం లేని చోట కూడా 'మనదె' అన్నాడంటే బిల్లులో మామ వాటా ముందే లెక్క కట్టాడన్నమాట. సింగపూర్ డాలరు అరవై రూపాయలు ఎప్పుడో దాటింది. పత్తి అమ్మిన పైసలతో విమానం ఎక్కే మామ ఆ లెక్క చూడకుండా ఉండడు.

కనుక అల్లుడా, పద్యం బాగుంది, చోటు కూడా నాకు నచ్చింది, సుంగై రోడ్‌కే పోదాం. కాకపోతే నాలుగో పాదంలో 'మాదె' అని పాఠం దిద్ది మళ్లీ పంపు. టికెట్ అప్పుడు చేయిస్తా.